పక్షుల ఊళ్లకు రైల్లో: ఇచ్ఛాపురం నుంచి సూళ్లూరుపేట దాకా

ప్రకృతిని చూడాలంటే కొండలెక్కాలి, అడవుల్లోకి జీపులో పోవాలి అనుకుంటారు చాలామంది. కోస్తాలో హౌరా–చెన్నై రైలు మార్గం పక్కపక్కనే, ఊరి చెరువుల్లో, చింతచెట్ల మీద, ఉప్పునీటి సరస్సుల్లో వేల పక్షులు గూళ్లు పెడుతుంటే మాత్రం బండి ఆపి చూసేవాళ్లు తక్కువ. కారు అక్కర్లేకుండా, రిసార్టు అక్కర్లేకుండా, టిఫిన్ ఊళ్లోనే చేసి చూసి రాగలిగిన చోట్లివి. కాకపోతే వీటికి ఒక లెక్క ఉంది. ఎప్పుడు వెళ్లాలో తెలియకుండా వెళితే ఖాళీ చెట్లే కనిపిస్తాయి. ఎలా నిలబడాలో తెలియకుండా వెళితే మన వల్ల గూళ్లు పాడవుతాయి.

ముందు ఒక అపోహ సంగతి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లినా, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు వెళ్లినా "సైబీరియా నుంచి వచ్చే పక్షులు" అనే మాట వినిపిస్తుంది. చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్), నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్) మన ఉపఖండానివే. పిల్లలు పెద్దవయ్యాక అవి దక్షిణాదిలోని జలాశయాలకూ, చెరువులకూ చెదిరిపోతాయి. మళ్లీ గుడ్లు పెట్టే వేళకు ఇక్కడికి చేరతాయి. ఉత్తరాది చలి తప్పించుకుని నిజంగా దూరదేశాల నుంచి వచ్చేవి పులికాట్‌లో దిగే పిన్‌టెయిల్ బాతులు, బురదలో పరుగులు తీసే చిన్న ఉల్లంకుల లాంటివి. అవి ఇక్కడ గూడు పెట్టవు, తిని బలిసి వెళ్లిపోతాయి. ఈ తేడా తెలిస్తే ప్రయాణం తేదీలు వాటంతట అవే తేలతాయి. వలస పక్షులకు చలికాలం చాలు. గూడు పెట్టే పక్షులకు మాత్రం నీళ్లు కావాలి.

నీళ్లు అందరికీ ఒకేసారి రావు. శ్రీకాకుళం జిల్లాలో నైరుతి రుతుపవనాలతో జూన్, జులైలోనే పొలాలు తడుస్తాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు సరిగ్గా అప్పుడే వస్తాయి. వాటి తిండి నత్తలు, నీళ్లు పెట్టిన వరిమడుల్లో దొరుకుతాయి కాబట్టి. ఈ పక్షి వస్తే వాన వస్తుందని ఊళ్లో నమ్మకం. నిజానికి వానే పక్షిని తెస్తుంది, అయినా ఆ నమ్మకం వల్ల ఎవరూ రాయి విసరరు, కాబట్టి దాన్ని సరిదిద్దే పని ఎవరూ పెట్టుకోనక్కర్లేదు. నవంబర్ దాటేసరికి తేలుకుంచి ఖాళీ. సూళ్లూరుపేట వైపు కథ వేరు. అక్కడ చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబర్–డిసెంబర్ మధ్య. నేలపట్టులో గూళ్ల పని ఆ తర్వాతే ఊపందుకుంటుంది. ఆ ఏడు ఈశాన్య వానలు ముఖం చాటేస్తే నేలపట్టు వెళ్లడం దండగ. బయల్దేరే ముందు చూడాల్సింది నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నవంబర్‌లో వాన పడిందా లేదా అన్నది. క్యాలెండర్ ఆ తర్వాత.

తేలుకుంచి, తేలినీలాపురం

ఈ రెండూ అభయారణ్యాల్లా కంచె వేసి ఉండవు. ఊళ్లే. ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లుంటాయి, వాటి కింద నుంచే పిల్లలు బడికి పోతారు. అందుకే ఇక్కడి పక్షులు మనిషిని చూసి అంత తేలిగ్గా లేవవు. దీన్ని అలుసుగా తీసుకుని చెట్టు మొదట్లో నిలబడి చప్పట్లు కొట్టే సందర్శకులు ప్రతి ఏడూ ఉంటారు. ఊరివాళ్ల నడకకు, మాటకు పక్షులు అలవాటు పడ్డాయి, అంతవరకే. కొత్త శబ్దానికి, పైకి ఎత్తిన చేతికి, ఒక్కసారిగా తెరిచిన గొడుగుకు కాదు.

తేలుకుంచికి ఇచ్ఛాపురం స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఆగస్టు, సెప్టెంబర్ మంచి నెలలు. నత్తగుల్ల కొంగను బైనాక్యులర్‌లో చూసేటప్పుడు ముక్కు మధ్య సందు గమనించండి. పెద్ద పక్షి నోరు మూసినా పై, కింది ముక్కులు మధ్యలో కలవవు. పిల్లలకు ఆ సందు ఉండదు, ఎదిగేకొద్దీ వస్తుంది. గూటిలో ఉన్నవాటిలో తల్లి ఏది, పిల్ల ఏది అని దూరం నుంచి పోల్చుకోవడానికి సీజన్ చివర్లో, రెండూ ఒకే ఎత్తుకు వచ్చాక, ఇదే తేలిక దారి.

తేలినీలాపురానికి టెక్కలి నుంచి గానీ నౌపడ స్టేషన్ నుంచి గానీ ఆటోలో వెళ్లొచ్చు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్టోబర్ ప్రాంతంలో చేరి మార్చి వరకు ఉంటాయి. తిండికి నౌపడ తంపర (చిత్తడి నేల) వైపు, ఉప్పుమడుల వైపు ఎగిరి వెళతాయి. పొద్దున గూళ్లు చూసి, తొమ్మిదయ్యాక తంపర గట్ల వైపు వెళితే ఆ పక్షులే తింటూ కనబడతాయి, వాటితో పాటు ఊళ్లో కనిపించని ఉల్లంకులు కూడా. చాలామంది ఊళ్లో అరగంట నిలబడి, ఫోటో తీసుకుని తిరిగి వెళ్లిపోతారు. సగం చూడనట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్నేళ్ల కిందట తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. కడుపులో నులిపురుగులు చేరడమే కారణమని అనుమానించారు. చేపల ద్వారా పక్షికి చేరే పురుగులవి. చచ్చిన పక్షి కనబడితే ముట్టుకోకూడదు, కాలితో తొయ్యకూడదు, అటవీ సిబ్బందికి చెప్పాలి. చెట్ల కింద తిరిగిన చెప్పులను అక్కడే కడుక్కోవాలి. అదే రోజు మరో పక్షుల చెరువుకు వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే రెట్టల బురద చెప్పులకు అంటుకుని మనతోనే వస్తుంది.

గూటి నుంచి జారిపడిన పిల్ల కనబడితే ఏం చేయాలన్నది అందరికీ వచ్చే ప్రశ్న. గూడబాతులు కింద పడ్డ పిల్లకు దిగివచ్చి తిండి పెట్టవు. కాబట్టి "తల్లి వస్తుందిలే" అని వదిలేయడం పనికిరాదు. మనమే ఎత్తుకుని చేప నోట్లో కుక్కడం అంతకన్నా పనికిరాదు. కుక్కలు రాకుండా దూరంగా నిలబడి, ఊళ్లో పక్షులను చూసుకునే మనిషినో అటవీ సిబ్బందినో పిలవాలి. ఎవరిని అడిగినా చెబుతారు.

కొల్లేరు: ఇనుప చెట్లు

కొల్లేరు గురించి పర్యాటక రాతలన్నీ "ఆసియాలోనే" అంటూ మొదలవుతాయి. అక్కడికి వెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలోని ఆరేడులో గూడబాతుల గూళ్లు వేలల్లో చూశారు. సుమారు 1974 నాటికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. తర్వాత చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయి. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టేశారు. కానీ గూడు పెట్టుకోవడానికి నీళ్లలో చెట్లు కావాలి కదా. కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకలో అటవీ శాఖ చెరువు మధ్య ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటి మీదే పుల్లలు పేర్చుకుని పిల్లల్ని చేస్తున్నాయి. చూడ్డానికి అందంగా ఉండదు. పని మాత్రం చేస్తోంది.

గుడివాడ–భీమవరం లైన్లో కైకలూరు స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఆటపాక ఆటోకు పది నిమిషాల పని. నవంబర్ నుంచి మార్చి వరకు ఎప్పుడైనా వెళ్లొచ్చు. పడవ ఎక్కితే రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. ఒకటి, స్టాండ్ల చుట్టూ దూరంగా తిప్పాలి, వాటి మధ్యలోకి పోనివ్వకూడదు. రెండు, దగ్గరయ్యాక ఇంజను ఆపి ఉన్నచోటే ఉండనివ్వాలి. పడవవాళ్లు దగ్గరికి తీసుకెళ్లేది మనం అడుగుతామని. వద్దంటే వాళ్లకూ డీజిల్ మిగులుతుంది. పడవలో లేచి నిలబడకండి. కూర్చున్న మనిషిని పక్షి పడవలో భాగంగానే చూస్తుంది, నిలబడితే మనిషిగా చూస్తుంది.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు చిన్నది, ఊరి మధ్యది. నగరం నుంచి ఒక్క ఉదయంలో వెళ్లి రావొచ్చు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు మొదటి మెట్టుగా ఇదే మంచిది: నడక తక్కువ, పక్షులు దగ్గర, ఎండెక్కేసరికి ఇల్లు చేరొచ్చు.

నేలపట్టు

ఈ దారిలో ఒక్కటే చూడగలమంటే నేలపట్టు, దాంతో పాటు పులికాట్. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు సబర్బన్ రైళ్లున్నాయి, సుమారు 83 కిలోమీటర్లు. నేలపట్టుకు దగ్గరి స్టేషన్ దొరవారిసత్రం, అయితే అక్కడ ఆగే రైళ్లు తక్కువ. సూళ్లూరుపేటలో లాడ్జి తీసుకుని, తెల్లవారుజామున ఆటోలో ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు వెళ్లడమే వీలు. ఆటో మనిషితో రానూపోనూ, అక్కడ మూడు గంటలు ఆగేందుకూ కలిపి బేరం చేసుకోవాలి. లేకపోతే తిరుగు ప్రయాణానికి హైవే దాకా నడక తప్పదు.

చెరువులో నీటికడప చెట్లున్నాయి. నీళ్లలో మునిగినా చావని చెట్టిది. గూడబాతులు, తెల్ల కంకణాయిలు, నత్తగుల్ల కొంగలు, శబరి కొంగలు, నీటికాకులు ఒకే చెట్టు మీద అంతస్తుల వారీగా కాపురం పెడతాయి. చెట్టు కింద నీళ్లుండటంలోనే కిటుకంతా ఉంది. అడవి పిల్లి, నక్క, మనిషి ఎవరూ గూటి దాకా రాలేరు. సీజన్ మధ్యలో నీరు ఇంకిపోతే ఆ రక్షణ పోతుంది. గూడబాతు గుడ్లు పొదగడానికే దాదాపు నెల పడుతుంది, పిల్ల తనంతట తాను బతకడానికి ఆపైన మూడు నెలలకు తక్కువ కాదు. అంటే చెరువులో కనీసం నాలుగు నెలల నీరు నిలబడాలి. ఆ నీళ్లలో పడే రెట్టలు ఎరువై కింది పొలాలకు పారతాయి. రైతులకు పక్షులతో ఉన్న స్నేహంలో ఇదీ ఒక పాలు.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి మా సలహా చాలామంది చెప్పేదానికి భిన్నం. "సీజన్ మొదలైంది" అని వార్త రాగానే పరిగెత్తకండి. గూడు కడుతున్నప్పుడు, గుడ్ల మీద ఉన్నప్పుడు పక్షికి బెదురెక్కువ. ఆ దశలో పదేపదే లేపితే గూడే వదిలేసి పోతుంది. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా పిల్లలు పెద్దవై ఉంటాయి, తల్లిదండ్రులు రోజంతా చేపలు మోస్తుంటాయి. చూసేవాళ్లకు కనువిందూ ఎక్కువ, పక్షులకు నష్టమూ తక్కువ. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరిగే రోజులను మాత్రం తప్పించండి. వేదిక, మైకులు, వేల జనం: పండగ చూడ్డానికైతే బావుంటుంది, పక్షులు చూడ్డానికి కాదు. మామూలు మంగళవారమో బుధవారమో చాలు.

రోజులో సమయం కూడా లెక్కే. ఆరున్నర నుంచి తొమ్మిది, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడే దాకా. మధ్యాహ్నం పెద్ద పక్షి రెక్కలు చాపి పిల్లలకు నీడ పట్టి నిలబడుతుంది. అప్పుడు దాన్ని బెదరగొట్టి లేపితే బొచ్చు లేని పిల్ల కాసేపట్లోనే ఎండకు వాడిపోతుంది. గూడు ఖాళీ కాగానే వాలేది కాకి. గుడ్లు పోయేది ఎక్కువగా అలాగే: మనం ముట్టుకోం, మనం లేపుతాం, కాకి తింటుంది. భయపడిన గూడబాతు పిల్ల మింగిన చేపనంతా కక్కేస్తుంది. చూసేవాళ్లకు అది తమాషా, పిల్లకు పూటతిండి పోయినట్టు.

కట్ట మీద నడిచేటప్పుడు తెలుపు, ఎరుపు బట్టలు వద్దు. ఖాకీ, ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు మంచివి. పక్షి తల పైకెత్తి కదలకుండా మనవైపే చూస్తోందంటే అక్కడే ఆగాలి. ఇంకో రెండడుగులు వేస్తే లేస్తుంది. వెనక్కి తగ్గితే మళ్లీ పనిలో పడుతుంది.

బైనాక్యులర్ కొనేవాళ్లకు: 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే ఐదుకు పైగా వస్తుంది. కంటికి చేరే వెలుగు వలయం అంత వెడల్పు, తెల్లవారుజామున అదే ముఖ్యం. 12×50 కొంటే బొమ్మ పెద్దదే కానీ చేతి వణుకూ పన్నెండు రెట్లవుతుంది. స్టాండు లేకుండా వాడలేరు. "20 రెట్లు" అని రాసి రోడ్డు పక్కన అమ్మే బుల్లి బైనాక్యులర్లు బొమ్మలు, అంతే.

పులికాట్

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఫ్లెమింగోలు చూడ్డానికి ఇంతకన్నా సులువైన చోటు తెలుగు నేల మీద లేదు. దారి పడమర నుంచి తూర్పుకు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు సూటిగా పడి గులాబీ రంగు తెలుస్తుంది. దక్షిణం వైపువి నల్లటి నీడల్లా కనబడతాయి. పొద్దున ముందు ఉత్తరం వైపు చూసుకుంటూ పోవాలి.

పది దాటిందంటే నీటి మీద గాలి వేడెక్కి పొరలు పొరలుగా లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి వెలుగును వేర్వేరుగా వంచడంతో దూరపు పక్షులు వణుకుతూ కనబడతాయి. ఎంత ఖరీదైన లెన్సు ఉన్నా ఫోటో మసకే. దానికి మందు లేదు, పొద్దున్నే రావడం తప్ప.

ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి నీటిని వడకట్టి తింటుంది. కాళ్లు అందే లోతుంటేనే దానికి సుఖం. భారీ వానకు సరస్సు నిండిపోతే మంద వేరే చోటుకు తప్పుకుంటుంది, ఎండితే అప్పుడూ తప్పుకుంటుంది. పైగా రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడుకుపోతుండటంతో సముద్రపు నీరు రావడం తగ్గుతోంది. అందుకే పోయినేడు ఫలానా చోట కనిపించాయని ఈ ఏడూ అక్కడికే వెళితే కుదరదు. ఈబర్డ్ యాప్‌లో పులికాట్ హాట్‌స్పాట్లు తెరిచి గత వారం ఎవరెవరు ఏమేం చూశారో చూసుకోండి. ఫ్లెమింగో లెక్క వేలల్లో ఉందా, పదుల్లో ఉందా అన్నది చూస్తే ప్రయాణం పెట్టుకోవాలో వద్దో తెలిసిపోతుంది.

రోడ్డు మీద వాహనంలోంచే చూడటం మేలు. ఆగిన ఆటోను పక్షులు పట్టించుకోవు, గట్టు దిగి నడిచే మనిషిని చూసి మాత్రం మంద మొత్తం జరుగుతుంది. అయితే ఈ దారిలో బండ్లు వేగంగా పోతాయి, పూర్తిగా పక్కకు తీశాకే ఆగాలి. చివర్లో షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) గేటు. పాస్ లేకుండా లోపలికి లేదు, గేటు దగ్గర కెమెరా బయటికి తీయొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో దారిలో ఆంక్షలుంటాయి కాబట్టి తేదీ చూసుకుని బయల్దేరండి. డ్రోన్ మాట అసలు ఎత్తకండి, అభయారణ్యం ఒకటి, అంతరిక్ష కేంద్రం ఒకటి.

తడ దగ్గరి భీములవారిపాళెం నుంచి పడవలో వెళ్లేవాళ్లు ఎక్కువ చేసే తప్పు, ఎగిరే ఫోటో కోసం మందలోకి పడవ తోలించడం. ఒక్కసారి లేచిన మంద మళ్లీ కుదురుకుని తినడానికి చాలాసేపు పడుతుంది. వారాంతంలో పడవ వెనక పడవ వస్తుంటే ఆ పూటకు తిండే ఉండదు. ఎగిరే ఫోటో కావాలంటే సాయంత్రం రోడ్డు మీద ఓపిగ్గా కూర్చోండి, వాటంతట అవే చోటు మారతాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర భాగం చాలామటుకు ఎండి బీటలు వారుతుంది. ఖాళీగా కనిపించే ఆ నేల మీదికి బైకులు, కార్లు తోలేవాళ్లున్నారు. పైపొర ఎండినా కింద జిగురు బురద, చక్రం దిగితే ట్రాక్టర్ వచ్చేదాకా కదలదు. అంతకన్నా పెద్ద సంగతి, తీతువు పిట్టలు, చిన్న టెర్న్‌లు గుడ్లు పెట్టేది ఆ నెలల్లోనే, ఆ నేల మీదే. గూడంటూ ఉండదు, చిన్న గుంట, మట్టిరంగు గుడ్లు. పక్కనే నిలబడినా కంటికి ఆనవు. తీతువు పిట్ట నెత్తి మీద అరుస్తూ తిరుగుతోందంటే గుడ్లు ఎక్కడో దగ్గర్లోనే ఉన్నట్టు. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి నడిచి రోడ్డెక్కాలి.